ఒకే లద్దె, నాలుగు తేదీలు

నేను పశువుల డాక్టర్ని. కళ్యాణదుర్గానికి కొంత దూరంలో ఉన్న ఒక మండలంలో, ప్రభుత్వ పశువైద్యశాలలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, మేకలు. వాన పడిన ఏడాది ఆవులు, పడని ఏడాది ఎండిపోయిన ఆవులు. ఏనుగు గురించి కాలేజీలో ఒకే ఒక్క పాఠం ఉండేది. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదని సీనియర్లు చెబితే అది కూడా సగంలో మూసేశాను.

అయినా నా మండలంలో ఒక ఏనుగు ఉంది. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల గుట్ట మీద ఒక మఠం. ఎవరో భక్తులు చాలా ఏళ్ళ కిందట ఆ మఠానికి ఒక గున్నేనుగును ఇచ్చారట. నేను ఉద్యోగంలో చేరేనాటికి దానికి యాభై దాటి ఉంటాయి. చెవుల అంచులు చిరిగి, తొండం మొదట్లో గులాబీ రంగు మచ్చలతో, చిన్న కళ్ళతో మనిషిని తేరిపార చూసేది. దాన్ని చూసుకునే మావటి గుత్తి వైపు మనిషి. అరవై దాటినవాడు. వాళ్ళ నాయన కూడా మావటే. ఆయన దాన్ని 'బేటీ' అని పిలిచేవాడు.

మా సీమలో ఏనుగును మేపడం తేలిక కాదు. పచ్చిగడ్డి ఏడాదిలో మూడు నెలలుంటే గొప్ప. మిగిలిన రోజుల్లో జొన్నచొప్ప, వేరుశనగ కట్టె, మావటి ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చే రావి కొమ్మలు, సాయంత్రం బెల్లం కలిపిన రాగిముద్దలు. రేకుల షెడ్డు, కింద సిమెంటు గచ్చు, వెనక కాలికి గొలుసు. పగలంతా అది అక్కడే నిలబడి ఇటూ అటూ ఊగేది. వచ్చినవాళ్ళు "డ్యాన్సు చేస్తాండాది సూడండి" అని ఫోన్లలో వీడియోలు తీసుకునేవాళ్ళు. నేను కూడా ఒకసారి తీసి మా అక్క కూతురికి పంపాను.

అది డ్యాన్సు కాదని నాకు మొదట చెప్పింది బెంగళూరు నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. ఏనుగులు అడవికి దూరంగా, నీళ్ళు తక్కువగా ఉండే చోట్ల ఎలా బతుకుతున్నాయో తెలుసుకోవడం ఆమె పని. గుళ్ళలో, మఠాల్లో ఉన్న ఏనుగుల పాదాలు, ఒంటి కండ, లద్దె పరీక్షించేది. షెడ్డు ముందు నిలబడి అరగంట సేపు ఏనుగు ఊగడాన్ని లెక్కపెట్టి, నా వైపు తిరిగి అంది.

"ఇది సంతోషం కాదు మేడమ్. కదలడానికి చోటు లేని జంతువు ఇట్లా ఊగుతుంది. దీని లోపల ఎంత ఒత్తిడి ఉందో లద్దె చెబుతుంది. రక్తం తీయక్కర్లేదు, దాన్ని భయపెట్టక్కర్లేదు."

పదిహేను రోజులకోసారి లద్దె తీసి ఇవ్వగలరా అని ఆమె నన్ను అడిగింది. లద్దె పడిన గంటలోపు, ఉండ మధ్యలోంచి చెంచాడు తీసి, చిన్న సీసాలో వేసి, తేదీ రాసి, ఐసుపెట్టెలో తెచ్చి మా ఆస్పత్రి ఫ్రీజర్‌లో పెట్టాలి. అదే రోజు నాలుగు పాదాలూ ఎత్తించి ఫొటోలు తీయాలి. ఏం తింది, ఎలా నడిచింది అని ఒక ఫారం నింపాలి. ఏడాది పాటు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమేమిటి, ఎగిరి గంతేశాను. గొర్రెలకు నట్టల మందు తాగించే నన్ను ఒకరు పరిశోధనలోకి పిలిచారు. ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర అదే మాట నాలుగుసార్లు చెప్పాను.

మొదటి అయిదు నెలలు నిజంగానే చేశాను. తెల్లారి ఏడు గంటలకల్లా గుట్ట మీద ఉండేదాన్ని. నా సంచి చూడగానే ఏనుగు తొండం చాచి గాలి పీల్చేది. మావటి ఒక్క మాట అంటే కాలెత్తి దిమ్మె మీద పెట్టేది. ఆయన కొబ్బరిపీచుతో అరికాలు తోముతూ దాని కబుర్లు చెప్పేవాడు. ఏ రోజు ఏ కాలు మీద ఎక్కువ బరువు వేస్తోందో ఆయనకు తెలుసు. నేను ఫారంలో రాసుకునేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. అందుకే తరువాత చేసినది ఇంకా చెడ్డగా అనిపిస్తుంది.

సంక్రాంతి పోయాక నేను వెళ్ళడం మానేశాను. కారణాలు అడిగితే చాలా చెప్పగలను. గొర్రెలకు టీకాల పని వచ్చింది. జీపు చెడిపోయింది. కానీ ఇక్కడ నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి టీకాల పని నిజం. ఒకసారి చలిగా ఉందని లేవలేదు. ఒకసారి మా బంధువుల పెళ్ళికి చీరలు తీసుకోవడానికి ధర్మవరం వెళ్ళి మగ్గాలున్న ఇంట్లో పొద్దంతా కూర్చున్నాను. నాలుగోసారి ఏం చేశానో కూడా గుర్తు లేదు. ఏమీ చేయలేదన్నమాట.

ఫిబ్రవరిలో మావటి ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, యాడుండావు? బేటీ ముందర ఎడమకాలు సరిగ్గా ఆనిచ్చల్యా. కుంటుతాండాది."

"ముల్లేమన్నా గుచ్చుకుందేమో చూడప్పా."

"సూసినా. నా కంటికి కనపడల్యా. నువ్వొచ్చి ఒకసారి సూస్తే బాగుంటాది తల్లీ."

"వస్తాలే. అంతవరకు పసుపు, వేపనూనె పెట్టు. ఉప్పునీళ్ళతో కడుగు."

వస్తాలే అన్నాను. వెళ్ళలేదు.

మార్చి మొదట్లో పరిశోధకురాలు, సీసాలు తీసుకుపోవడానికి మనిషిని పంపుతున్నానని కబురు చేసింది. ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు ఉండాలి. ఒక్కటీ లేదు. మరునాడు మధ్యాహ్నం గుట్ట ఎక్కాను. షెడ్డు పక్కన మావటి మోపెడ్ కనబడలేదు. కొమ్మలకు పోయి ఉంటాడు. బతికానురా దేవుడా అనుకున్నాను. ఆయన ఉంటే కాలు చూడమంటాడు, చూస్తే అన్ని రోజులు ఎందుకు రాలేదన్న మాట వస్తుంది. ఏనుగు అవతల మూల నీడలో నిలబడి ఉంది. నా సంచి వాసన పట్టి తొండం చాచింది. నేను దగ్గరికి పోలేదు. ఇటువైపు పడి ఉన్న లద్దె ఉండను పగలగొట్టి, నాలుగు సీసాలు నింపాను. జీపులో కూర్చుని నాలుగు తేదీలు రాశాను. రాత ఒకేలా కనబడకూడదని రెండింటి మీద నీలం పెన్ను, రెండింటి మీద నల్ల పెన్ను వాడాను. ఆ తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పాదాల ఫొటోలు డిసెంబరులో ఎక్కువ తీసి పెట్టుకున్నవి ఉన్నాయి. వాటినే పంచి పంపాను. ఫారాల్లో నడక దగ్గర నాలుగుసార్లూ 'మామూలుగా ఉంది' అని రాశాను.

ఉగాదికి మఠం ఉత్సవం. ఏనుగు మీద దేవుణ్ణి పెట్టి గుట్ట దిగి ఊళ్ళోకి తెచ్చి మళ్ళీ తీసుకుపోతారు. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మఠం వ్యవహారాలు చూసే పెద్దమనిషి, ఊళ్ళో భూములున్న కుటుంబం వాడు, తానే కాగితం పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు పదైదు దినాలకొకసారి సూస్తానే ఉండావు కదా. ఒక సంతకం పెట్టియ్యి."

ఆ మాట వినగానే నా చేయి ఆగాలి. ఆగలేదు. వెళ్ళి చూసి పెడతానంటే ఇన్నాళ్ళూ చూడలేదని తేలుతుంది. 'ఆరోగ్యంగా ఉంది, ఊరేగింపులో నడవగలదు' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాను. అంతకు రెండు రోజుల ముందే మావటి రెండోసారి ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

ఊరేగింపు నేను చూశాను. పొద్దున తొమ్మిదికే తారురోడ్డు మెత్తబడే ఎండ. ఏనుగు నుదుట రంగులు, మెడలో గంటలు, వీపు మీద అంబారీ. మావటి కాళ్ళ దగ్గర నడుస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. నాలుగడుగులు వేయడం, ఎడమ ముందుకాలు గాలిలో ఆపడం, మళ్ళీ నాలుగడుగులు. అది చూసి జనం చప్పట్లు కొట్టారు, దేవుడికి దండం పెడుతోందని. ఎరువుల అంగడి ముందుకు వచ్చేసరికి అది ముందుకాళ్ళు మడిచి కూలబడింది. అంబారీ పక్కకు ఒరిగింది. పూజారులు ఉత్సవమూర్తిని చేతుల్లోకి తీసుకుని పక్కకు పరుగెత్తారు. ఏనుగు ఒక పక్కకు వాలి, తొండం రోడ్డు మీద పెట్టి, లోగొంతుతో ఒక శబ్దం చేసింది. చెవికి వినపడిన దానికన్నా నా కాళ్ళకింద నేల ద్వారా ఎక్కువ తెలిసింది.

మావటి జనంలోకి చూసి నన్ను కనిపెట్టాడు. తిట్టలేదు.

"అమ్మా, రా. ఇప్పుడన్నా రా" అన్నాడు.

అక్కడే, ఎరువుల అంగడి వాళ్ళు కట్టిన టార్పాలిన్ నీడలో, దాని అరికాలు చూశాను. గోటికీ మెత్తటి భాగానికీ మధ్య నల్లటి చుక్క. గిట్టలు చెక్కే కత్తితో కొంచెం తెరవగానే చీము చిమ్మింది. ఆ కంపుకు పక్కనున్నవాళ్ళు వెనక్కి జరిగారు. చీములో వేలెడు కంపముల్లు. కొమ్మలు తెచ్చుకునే దారి పొడుగునా కంపచెట్లే. ముల్లు దిగి నెలా నెలన్నర అయి ఉంటుంది. మొదటి ఫోన్ వచ్చినప్పుడు చూసి ఉంటే పట్టకారుతో పది నిమిషాల పని. ఇప్పుడు లోపల ఎముక దాకా కుళ్ళు పాకుతోందేమోనని భయపడాల్సిన స్థితి.

సాయంత్రం చల్లబడ్డాక ఎలాగో లేచి, అడుగడుగునా ఆగుతూ గుట్టకు చేరింది. మరునాటి నుంచి రోజూ వెళ్ళాను. రోజూ వెళ్ళడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఎవరో తీసిన వీడియో చూసి వారం లోపే పరిశోధకురాలు వచ్చింది. నేను షెడ్డులో కూర్చుని పాదం కడుగుతున్నాను. మావటి కాలు పట్టుకుని ఉన్నాడు. మఠం పెద్దమనిషి గడప దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె చాలాసేపు గాయం చూసింది. తరువాత సంచిలోంచి నాలుగు సీసాలు తీసి అరుగు మీద వరసగా పెట్టింది.

"మేడమ్, జనవరిలో మీ ఊళ్ళో పుచ్చకాయలు దొరుకుతాయా?"

నాకు అర్థం కాలేదు.

"ఈ నాలుగింటిలోనూ పుచ్చగింజలు ఉన్నాయి. పరీక్షలో అంకెలు కూడా అచ్చం ఒక్కలాగే వచ్చాయి. ఇవి నాలుగూ ఒకే రోజు లద్దె కదా?"

మార్చి మొదట్లో ఒక రైతు ట్రాక్టరులో మిగిలిన పుచ్చకాయలు తెచ్చి ఏనుగుకు వేశాడట. నాకు ఆ సంగతే తెలియదు. ఆమె గొంతులో కోపం లేదు. నిజం చెప్పడానికి నాకు దారి వదిలే అడిగింది. నేను లేచి నిలబడ్డాను. చేతులు తుడుచుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"టీకాల పని ఎక్కువై నేను రాలేకపోయాను. మావటినే తీసి పెట్టమని చెప్పాను. ఆయన అట్లా చేస్తాడని అనుకోలేదు."

మావటి ఇంకా ఆ కాలు పట్టుకునే ఉన్నాడు. నా వైపు చూశాడు. కాదంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా, ఒక క్షణం, అనుకున్నాను.

"అవునమ్మా" అన్నాడు పరిశోధకురాలితో. "నేనే. ఒక దినమే తీసి పెట్టినా. తప్పయిపోయింది."

పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "ఏమప్పా, నీకు తిండి పెట్టేది ఇందుకేనా? దేవుని కార్యం చెడగొట్టినావు. డాక్టరమ్మకు చెడ్డపేరు తెచ్చినావు." ఊరందరి ముందు ఉత్సవం చెడిన అవమానం ఆయనకు ఉంది. అది దించుకోవడానికి ఒక తల కావాలి. నేను అందించాను. మరునాటికి మావటి లేడు. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్న చోటు నుంచి ఒక ట్రంకుపెట్టె, మోపెడ్‌తో పామిడిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన చోట కర్ణాటక నుంచి ఒక మావటిని తెచ్చారు. చెడ్డవాడు కాదు. కానీ ఏనుగు అతని మాటకు కాలెత్తలేదు. అతను అంకుశం తీశాడు. అది కాలు ఇంకా గట్టిగా నేలకు ఆనించింది, ఆ పుండు కాలే. మూడు రోజులు మందు పెట్టలేకపోయాను. దూరం నుంచి పిచికారీ కొట్టాను. నాలుగో రోజు చూస్తే పుండు అంచులు మళ్ళీ పచ్చిగా మారాయి. ముద్దలు ముట్టుకోలేదు. ఊగడం కూడా మానేసింది. తల గోడ వైపు పెట్టుకుని నిలబడింది.

ఆ మధ్యాహ్నమే పామిడి వెళ్ళాను. పెన్న ఒడ్డుకు దగ్గరగా సందులో ఇల్లు. ఏటిలో నీళ్ళు లేవు, ఇసకే. ముందుగదిలో ఆయన కూతురు మిషను మీద నైటీలు కుడుతోంది. మావటి మంచం మీద కూర్చుని ఆమె కుట్టినవాటికి దారాలు కత్తిరిస్తున్నాడు. ఏనుగు కాలు పట్టిన ఆ చేతుల్లో చిన్న కత్తెర. నన్ను చూసి లేవబోయాడు. నేను కూర్చోమన్నాను.

"కాలెట్లుంది?" అన్నాడు. నన్ను అడిగిన మొదటి మాట అదే.

చెప్పాను. ముద్దలు ముట్టడం లేదని చెబితే కళ్ళు మూసుకున్నాడు.

"ఆ రోజు నువ్వెందుకు ఒప్పుకున్నావప్పా? కాదని చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను. అడగకూడని ప్రశ్న. తప్పు మళ్ళీ ఆయన మీదికే తోస్తున్నట్టుంది. కానీ అడిగాను.

"నేను కాదంటే నిన్ను అబద్ధాలకోరు అన్నట్లయితాది. నువ్వు కోపం చేసుకోని రాకపోతే దాని కాలు ఎవరు సూస్తారమ్మా? ఈ చుట్టుపక్కల ఏనుక్కి మందేసే డాక్టరు ఇంకెవరుండారు?"

కూతురు మిషను ఆపింది. నా వైపు చూడకుండానే అంది. "మా నాయన ఈ వయసులో దొంగ అనిపించుకున్నాడు మేడమ్. మా వీధిలో అందరికీ తెలిసింది."

నేను అక్కడ ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. గడప దిగి, జీపులో కూర్చుని, ఇంజను వేయకుండానే పరిశోధకురాలికి ఫోన్ చేశాను. సీసాలు నింపింది నేనేనని, తేదీలు రాసింది నేనేనని, ఫొటోలు పాతవని, మావటి రెండుసార్లు ఫోన్ చేస్తే పోలేదని, ఆయన మీద నెట్టానని చెప్పాను. ఆమె అంతా విని, చివర్న "ఇదంతా రాసి పంపండి" అంది. రాశాను. అదే కాగితం మఠం పెద్దమనిషికి ఒకటి, మా పై అధికారికి ఒకటి ఇచ్చాను. సర్టిఫికెట్ చూడకుండా ఇచ్చానని కూడా అందులో రాశాను.

పెద్దమనిషి రెండుసార్లు చదివాడు. "నువ్వు సదువుకున్నదానివి" అని మాత్రం అన్నాడు. సాయంత్రం తానే కారు వేసుకుని పామిడి పోయి మావటిని తెచ్చాడు. ఆయన షెడ్డులో అడుగుపెట్టగానే ఏనుగు గోడ వైపు నుంచి తిరిగి తొండంతో ఆయన భుజాలు, తల, చొక్కా జేబు అన్నీ తడిమింది. ఆయన దాని కాలికి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను బయటే ఉన్నాను. లోపలికి పోయే మొహం లేదు.

మా అధికారి సంజాయిషీ అడుగుతూ మెమో పంపాడు. జవాబులో సాకులేమీ రాయలేదు. దానికి తగ్గ శిక్ష నాకు పడింది. పరిశోధకురాలు రెండే వాక్యాలు రాసింది. "ఈ ఏనుగు వివరాలన్నీ అధ్యయనం నుంచి తీసేస్తున్నాను, మొదటి అయిదు నెలలవి కూడా, ఎందుకంటే ఇక వాటిని నమ్మలేను. పాదం ఫొటోలు పంపితే చికిత్సకు సలహా చెబుతాను." ఆ అయిదు నెలలవి నిజమేనని ఆమెకు రాయబోయి మానుకున్నాను. ఇన్నేళ్ళు ఈ నేల మీద బతికిన ఏనుగు కష్టం నుంచి ఎవరైనా ఏమైనా నేర్చుకునే వీలుంటే, ఆ వీలు నా వల్ల పోయింది. దీన్ని సరిచేసే దారి నాకు ఇప్పటికీ కనబడలేదు.

పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్ళ తొట్టిలో కాలు నానబెట్టడం, చచ్చిన చర్మం చెక్కడం, మందు, గుడ్డతో కుట్టించిన బూటు. ఆ బూటు కుట్టింది మావటి కూతురే. పరిశోధకురాలి సలహాతో మఠం వాళ్ళు గచ్చు పగలగొట్టి చెరువుమట్టి, ఇసక పోయించారు. షెడ్డు వెనక అరెకరం చుట్టూ కంచె వేసి పగలు గొలుసు విప్పుతున్నారు. ఊరేగింపులు ఆపేశారు. ఏనుగు ఇప్పటికీ కొంచెం కుంటుతుంది. ఊగడం తగ్గింది కానీ పోలేదు.

మావటి నాతో మామూలుగానే మాట్లాడతాడు. పని విషయంలో ఒక్క మాట దాచడు. అయితే ఒకప్పుడు కాలు తోముతూ చెప్పే కబుర్లు మాత్రం ఇప్పుడు చెప్పడు. నేను అడగను.

పోయిన ఏడు, పశువుల డాక్టర్ల శిక్షణ తరగతిలో ఏనుగు పాదాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పోవాలా వద్దా అని చాలా ఊగిసలాడి, చివరికి పోయాను. పాదం ఎలా కడగాలి, ఎక్కడ చెక్కాలి, నేల ఎలా ఉండాలి, ఫొటోలు చూపిస్తూ చెప్పాను. అయిపోయాక మధ్య వరసలో ఒక పెద్దాయన లేచాడు.

"బాగా చెప్పినారు మేడమ్. కానీ ముల్లు దిగి అన్ని దినాలయింటే ముందే ఎట్ల కనపడల్యా మీకు?"

మామూలు జవాబులు నాలుగైదు నోటి దాకా వచ్చాయి. ఏనుగు చర్మం మందం, పైకి గాయం కనబడదు, ఇలాంటివి. అన్నీ నిజాలే.

"నేను పోలేదు సార్" అన్నాను. "మావటి పిలిచాడు. పోలేదు. పోయినట్టు రాశాను."

ఆయన ఇంకేదో అడుగుతాడని నిలబడే ఉన్నాను. ఆయన తల ఊపి కూర్చున్నాడు. వెనక ఎవరో టీ వచ్చిందని చెప్పారు. కుర్చీలు కదిలాయి.